నల్లబడిన అంచులు

టెన్బీ, సోమవారం

మెయిర్‌కి,

నేను క్షేమం. నీ తుంటి నొప్పి తగ్గిందా? అమ్మకానికి ముస్తాబు చేద్దామని, ముప్పయ్యేళ్లు కారు వెనక లాక్కు తిరిగిన మన కారవాన్‌ను, అదే ఇక్కడ నిలిపి ఉంచిన మన చక్రాల ఇంటిని, కడిగాను. ఎండకు తెల్లబారిన ప్లాస్టిక్ అంచులకు మూడు రోజులు నూనె పట్టించి రుద్దితే కొన్ననాటి నలుపు తిరిగొచ్చింది.

కొందామని వచ్చినావిడ, "ఇంత ముద్దుగా చూసుకుంటూ ఎందుకు అమ్ముతున్నారండీ?" అంది.

"మా ఆవిడ తుంటి నొప్పితో దీని మెట్టు ఎక్కలేకపోతోందమ్మా."

"భలేవారే! మెట్టు మార్చుకోక బండి అమ్ముకుంటారా?" అని నవ్వి వెళ్ళిపోయింది.

నాకా సంగతి తట్టనే లేదు. నిన్న రెండు పొట్టి మెట్లూ, పట్టుకోవడానికో కడ్డీ బిగించాను.

ఇంటి దగ్గర టొమాటో మొక్కలకు నీళ్ళెవరు పోస్తున్నారు? నువ్వు మాత్రం వంగకు. నీ చెల్లెలు బ్రోన్వెన్‌ను అడిగానని చెప్పు.

శనివారం ఇంటికి వచ్చి నిన్ను ఇక్కడికి తీసుకొస్తాను. ఒక్కసారి ఎక్కి చూడు. అప్పటికీ అమ్మేయమంటే అమ్మేద్దాం. నాకైతే మనసు రావడం లేదు.

నీ ఇడ్రిస్