గొట్టంలో మిగిలిన తూటా

చోడవరం,
ఆదివారం.

పాస్టరు అయ్యగారికి నమస్కరించి రాస్తున్నాను.

మా తమ్ముడు ఏబెల్ ఆత్మహత్య చేసుకున్నాడని, అందుకే సంఘం సమాధుల తోటలో చోటివ్వమని సంఘపెద్దలు అంటున్నారట. పెళ్లి సంబంధం తప్పిపోయిందని వాడు బాధపడిన మాట నిజమే. కానీ వాడు చావాలనుకోలేదు. మిలటరీలో పనిచేసిన మా తాతగారి పాత పిస్టలును స్టేషన్లో అప్పగిద్దామని మొన్న ఇద్దరం కూర్చుని తుడుస్తున్నాం.

"అన్నా, లోపల తూటాలేటీ లేవు కదా?" అని అడిగాడు.

"తూటాలుండే మ్యాగజైన్ తీసేసేను సూడు, ఖాళీయే" అన్నాను.

తుప్పు చూద్దామని వాడు గొట్టాన్ని కంటి దగ్గర పెట్టుకున్నాడు. బొటనవేలు ట్రిగ్గర్ మీద పడింది.

అది వందేళ్ల కిందటి డిజైనని తుపాకులు తెలిసిన పోలీసాయన తర్వాత చెప్పాడు. మ్యాగజైన్ తీసినా, అప్పటికే గొట్టంలోకి ఎక్కిన తూటా పేలుతుందట. అలా పేలకుండా ఆపే ఏర్పాటు తర్వాతి మోడళ్లలో కొన్నింటికే పెట్టారట.

వాడే ఖాళీ అనుకున్నాడని పోలీసులకు చెప్పాను. ఆ మాట అన్నది నేనని చెప్పలేదు.

రేపు వాణ్ణి మా నాన్న పక్కన సమాధి చేయనివ్వండి. మట్టి వేశాక నేనే స్టేషనుకు వెళ్లి నిజం చెబుతాను. అమ్మకు మాత్రం మీరే చెప్పండి అయ్యగారూ. నాకు నోరు రావడం లేదు.

ఇట్లు,
ఏబెల్ అన్న