బంగారమ్మ శుక్రవారాలు

రాయపూర్,
18 నవంబరు 1978.

పార్వతికి,

ఇక్కడ అమ్మా నేనూ కులాసా. ఏడో నెల నడుస్తున్న మనిషి పాలు, పప్పు, ఆకుకూరలు ఏ మేరకు పుచ్చుకుంటున్నదీ తెలియపరచకుండా, మీ తమ్ముడు కొన్న సైకిలు రంగును మాత్రమే వర్ణిస్తూ నువ్వు బొబ్బిలి నుంచి పంపిన ఉత్తరం అందింది. కోరిన వివరాలు తిరుగు టపాలో పంపవలసింది.

ఈ సంవత్సరం మన తెలుగు బడిలో తొమ్మిదో తరగతికి పోషకాహారం అనే పాఠ్యాంశం ప్రవేశపెట్టారనీ, సైన్సు పట్టా ఉన్న నేరానికి అది నాకు దఖలుపడిందనీ నీకు తెలుసు. నిన్న శుక్రవారం ‘సి’ విటమిను పాఠం. బీర్‌గావ్ సంతలో నేనే ఏరి తెచ్చిన ముప్పై ఒక్క నిమ్మకాయలను, పిల్లకు ఒకటి చొప్పున, బల్లల మీద పెట్టించాను. పద్నాలుగు మంది ఆడపిల్లలూ ఒక్కసారిగా చేతులు వెనక్కి కట్టుకున్నారు. మరుక్షణం మగపిల్లలూ కట్టుకున్నారు. విచారించగా తేలినదేమంటే, ఆడపిల్లలందరూ సంతోషిమాత శుక్రవారాలు పట్టారు. ఆ రోజు వారు పులుపు తినరాదు, తాకరాదు, ఒకరికి పెట్టరాదు. మగపిల్లలు ఆ ఇళ్ళవాళ్ళే గనుక వారికీ ఈ నిషేధం వర్తిస్తుంది. ఆ విధంగా ‘సి’ విటమిను నలభై నిమిషాల పాటు బల్లల మీద ఒంటరిగా కూర్చుంది.

పాఠాన్ని గురువారానికి మార్చమని హెడ్‌మాస్టరు భీమారావు గారిని కోరాను. ఆయన నన్ను లెక్కల టీచరు ఆండాళమ్మ గారి దగ్గరకు పంపారు. ఆవిడా వ్రతంలోనే ఉన్నారట. గురువారం బల్లకు అంటిన పులుపు శుక్రవారం పొద్దుటికి పూర్తిగా పోతుందని నేను రాసివ్వగలనా అని అడిగారు. రాసివ్వలేకపోయాను. నిమ్మకాయలను అమ్మ ఈరోజు ఊరగాయ పెట్టింది.

ఇదంతా భరించవచ్చు. భరించలేనిది వేరే ఉంది. మొన్న గురువారం క్రీడోత్సవం కవాతు అభ్యసిస్తుండగా బంగారమ్మ అనే పిల్ల మైదానంలో కళ్ళు తిరిగి పడిపోయింది. రైల్వే వ్యాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టరు నూకరాజు కూతురు, పద్నాలుగేళ్ళది, తరగతిలో నేను చెప్పేది వినే ఇద్దరిలో ఒకతె. రైల్వే డాక్టరు రక్తం పరీక్షించి, పన్నెండు ఉండవలసిన చోట ఏడు ఉందన్నాడు. వ్రతం చేస్తున్నావా అని పిల్లను నేను అడిగితే చేస్తున్నానంది. ఇక విచారణ అనవసరం. పదహారేళ్ళ లోపు పిల్లలు ఉపవాసాలు చేయరాదని పాఠశాల నియమం చేయవలసిందిగా సిఫార్సు తయారుచేస్తున్నాను.

నీ
సూర్యారావు

*

రాయపూర్,
27 నవంబరు 1978.

పార్వతికి,

నీ ఆహార వివరాలు ఇప్పటికీ అందలేదు. ఇది రెండో జ్ఞాపిక.

సిఫార్సుకు ఆధారం ఉండాలి గనుక, వారం రోజులు తిన్నది తిన్నట్టు నోటుపుస్తకంలో రాయమని పిల్లలను ఆదేశించాను. ముప్పై మంది పాఠ్యపుస్తకంలోని సమతులాహార పట్టికను పొల్లు పోకుండా ఎత్తిరాశారు. దాని ప్రకారం ఈ కాలనీలో ప్రతి పిల్లా రోజూ ఒక ఆపిల్ పండు తింటున్నది. నిజం రాసింది బంగారమ్మ ఒక్కతే. సోమవారం పొద్దున టీ, మధ్యాహ్నం గంజన్నం పచ్చిమిరపకాయ, రాత్రి అందరూ తిన్నాక అన్నం, చారు. మంగళవారం అదే. బుధవారం చేపలు వండారు, ఈమెకు పులుసు వచ్చింది. గురువారం రాత్రి అన్నం చాలలేదు. శుక్రవారం ఉపవాసం, పొద్దున దోసెడు శనగలు, బెల్లం, సాయంత్రం పూజ అయ్యాక పూరీలు, కూర, పరమాన్నం. శనివారం మళ్ళీ గంజన్నం. ఆదివారం మాంసం తెచ్చారు, నాన్నకీ తమ్ముళ్ళకీ సరిపోయింది అని రాసింది. ఇంతటి పేదరికంలో పైగా ఉపవాసం కూడానా, అని నా ప్రశ్న.

మొన్న శుక్రవారం సాయంత్రం స్వయంగా తనిఖీకి వెళ్ళాను. నూకరాజు డ్యూటీలో ఉన్నాడు. అతని తల్లి వరహాలమ్మ పీట వేసి, నేను అడగకపోయినా వ్రత విధానమంతా వివరించింది. “అమ్మోరికి నైవేద్యం ఎట్టకుండా ఇంట్లో ఎవులూ ముట్టరు మాస్టారూ. ఎట్టినాక వారం పట్టిన ఆడగుంటే ముందు తినాల. ఆ తరవాతే మగోలు.” ఈ ఆచార వివరాలు మన విచారణకు అప్రస్తుతం.

అసలు విషయం విను. ఈ వ్రతం పదహారు వారాలు. కోరిక తీరాక ఉద్యాపన చేసి ముగించాలి. ఈ పిల్లకు ఇరవై మూడో శుక్రవారం నడుస్తోంది. పదహారు కాగానే ఆపకుండా రెండోసారి మొదలుపెట్టింది. అంత తీరని కోరిక ఏమిటని అడిగాను. తల వంచుకుని, “కోరికేటీ నేదు మాస్టారూ. సుక్కురారం వస్తే బాగుంటాది, అంతే” అంది. కోరికే లేని వ్రతం. మూఢత్వానికి కూడా ఒక తర్కం ఉంటుందని ఇన్నాళ్ళూ నమ్మిన నేను ఇంటికి వచ్చి తలనొప్పి మాత్ర వేసుకున్నాను.

వ్రతం మానుతానని రాసివ్వని పిల్లలను బడికి రానివ్వరాదని సిఫార్సులో చేర్చాను. ఈ మాట నూకరాజు చెవిన పడి మొన్న శనివారం బడికి వచ్చాడు. వినయంగానే మాట్లాడాడు. “బడి మానిపించీమంటే మానిపించెస్తానండి. అమ్మోరి వారం మాత్రం మానిపించను. ఆడగుంట సదువు, రెండేళ్ళాగితే మానిపించీదే గదా” అన్నాడు. అతను మెత్తబడతాడని నా నమ్మకం. డిసెంబరు పదకొండున బడి కమిటీ కూర్చుంటుంది. సిఫార్సు నకలు ఒకటి జతపరిచాను. భాషలో దోషాలుంటే సూచించు.

నీ
సూర్యారావు

*

బొబ్బిలి,
1 డిసెంబరు 1978.

మాస్టారు గారికి, పార్వతి రాసేది.

పాలు రెండు పూటలా తాగుతున్నాను. ఇక్కడ మా అమ్మ నాకు పెట్టాకే పొయ్యి దగ్గరినుంచి లేస్తుంది.

సిఫార్సు చదివాను. భాషలో దోషం లేదు.

ఆ పిల్ల కళ్ళు తిరిగి పడిపోయింది గురువారం. మీరే రాశారు. ఆమె పుస్తకం కూడా మీ చేత్తోనే ఎత్తి రాశారు. ఆ ఏడు రోజుల్లో ఆమె కడుపునిండా తిన్న రోజు ఏదో, పట్టా లేని నాకు ఒక్కసారి చదివితేనే తెలిసింది. మీరు ఆ రోజునే ఉపవాసం అని రాసి, దాన్ని ఆపమంటున్నారు. బెల్లం, శనగలు రక్తం పట్టడానికి మంచివని నాకు చెప్పింది కూడా మీరే. మిగతా ఆరు రోజులూ ఆమె తిండికి ఇంట్లో అందరూ ముందున్నారు. శుక్రవారం మాత్రం అమ్మవారి తరవాత ఆమే. నాకు ముందు పెట్టండి, ఇంకొంచెం వెయ్యండి అని ఆడపిల్ల నోరు తెరిచి అడిగితే తిండిపోతు అంటారు. దేవత పేరు చెబితే బామ్మే పిలిచి వడ్డిస్తుంది. కోరిక లేదని ఆ పిల్ల అబద్ధం చెప్పలేదండీ. ఆమె కోరిక శుక్రవారమే.

ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటారా. మన పెళ్ళయిన రెండో నెలలో నేను శనివారాలు మొదలుపెట్టాను. మూఢనమ్మకాల పాఠంలో మీరు ‘మా ఇంట్లోనే ఒకరున్నారు’ అని చెప్పి పిల్లల్ని నవ్వించారని ఆండాళమ్మ గారు నాతో అన్నారు. ఆ రోజు నేనూ నవ్వాను. నాకు ఏ దేవుడి మీదా అంత పట్టు లేదు. మీరు తిని, మీతో వచ్చినవాళ్ళు తిని, నా వంతు వచ్చేసరికి గిన్నెలో కూర ఉండేది కాదు. మళ్ళీ వండుకుంటే అత్తయ్య గారు ఏమనుకుంటారోనని భయం. శనివారం రాత్రి మాత్రం ఫలహారం. మడి గనుక ముందుగా, వేడిగా, నాకోసమే వేరే గిన్నెలో, జీడిపప్పు వేసిన ఉప్మా. నాలుగేళ్ళలో దాని గురించి మీరు వేసిన ప్రశ్న ఒకటే, ‘నీ దేవుడు మొర విన్నాడా’ అని. విన్నాడండీ. వారానికి ఒకసారి.

ఆ కాగితం కమిటీకి వెళితే ఆ పిల్లకు శుక్రవారమూ పోతుంది, బడీ పోతుంది. పంపడం, మానడం మీ చేతిలో ఉంది.

పార్వతి

*

రాయపూర్,
17 డిసెంబరు 1978.

పార్వతికి,

నీ ఉత్తరం పన్నెండు రోజుల క్రితమే అందింది. జవాబు ఆలస్యం కావడానికి టపాశాఖ బాధ్యత ఏమీ లేదు.

సిఫార్సును ఉపసంహరించుకున్నాను. దాని బదులు ప్రయోగ పరీక్ష పేరిట ఒక ఉత్తర్వు తయారుచేశాను. భీమారావు గారు అలవాటు ప్రకారం చదవకుండా సంతకం చేశారు. దాని ప్రకారం తొమ్మిదో తరగతి ఆడపిల్లలు వార్షిక పరీక్షల వరకు ప్రతి రాత్రీ ఇంట్లో అందరికన్నా ముందు భోంచేయాలి, పొద్దున బెల్లం, శనగలు తినాలి, వారానికోసారి బడిలో బరువు తూగాలి. ఇంట్లో అన్నదమ్ములుంటే వడ్డన వాళ్ళది. మార్కులు ఇరవై. బరువు పెరగని పక్షంలో, ఈ బడిలోనే చదువుతున్న అన్నదమ్ములకు కూడా కోత పడుతుంది. ఈ చివరి నిబంధన న్యాయసమ్మతం కాదని నాకు తెలుసు. పనిచేసేది అదొక్కటే అని కూడా తెలుసు.

ఆ కాగితం పట్టుకుని మొదట నూకరాజు ఇంటికే వెళ్ళాను. వరహాలమ్మ చదివించుకుని విని, “అయితే ఇది సర్కారోరి వ్రతమా?” అంది.

సైన్సు పట్టా పుచ్చుకున్న నేను అవునన్నాను.

“ఎన్ని వారాలు?”

“వారాలు కాదు. రోజూ. పరీక్షల దాకా.”

“తప్పితే ఏటౌద్ది?”

“మనవలిద్దరికీ మార్కులు పోతాయి.”

 అమ్మవారు కూడా ఇంత కఠినంగా లేదంది ఆవిడ. తరవాత లోపలికి చూసి, “ఒలే బంగారీ, ఇంక రోజూ నువ్వే ముందు” అని కేకేసింది. నూకరాజు మాత్రం, డ్యూటీ దిగి ఆకలితో వస్తే గుంట తినేదాకా ఆగమంటున్నారని నా మీద ఫిర్యాదు చేశాడు. ఫిర్యాదు బడికి వచ్చే చేశాడు. కూతుర్ని తీసుకుపోవడానికి కాదు. బంగారమ్మ నన్ను ఒకే ఒక్క సందేహం అడిగింది. “మాస్టారూ, మాంసం తెచ్చిన ఆదివారం కూడా లెక్కేనా?” లెక్కేనని కాగితం మీద రాసిచ్చాను.

నీకు క్షమాపణ ఎలా రాయాలో ఏ నమూనాలోనూ దొరకలేదు. తరగతిలో నిన్ను ఉదాహరణగా చెప్పి నవ్వించిన మాట నిజం. మొన్న అదే తరగతిలో, ఆ రోజు చెప్పింది తప్పని చెప్పాను. పిల్లలు నవ్వలేదు, అర్థమూ కాలేదు. నాకోసమే చెప్పాను. నువ్వు వచ్చాక ఈ ఇంట్లో మొదటి కంచం నీది.

ఈ సంగతి నిన్న అమ్మతో చెప్పాను. పెద్ద గొడవ అవుతుందని సిద్ధపడే చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంతా విని, తల ఎత్తకుండా, “మరి నాకో?” అంది. అమ్మ వారంలో మూడు రోజులు ఒంటిపూట ఉంటుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంటోంది. ఎందుకని నేను ఒక్కసారీ అడగలేదు.

రాత్రి అమ్మను పీట మీద కూర్చోబెట్టి నేనే వడ్డించాను. అన్నం చల్లారుతోంది గాని అమ్మ చెయ్యి కదపలేదు. నిలబడి ఉన్న మగవాడి ముందు తినడం ఆమెకు చేతకాలేదు.

“అటు తిరుగు” అంది.

తిరిగాను. చాలాసేపు గోడ వైపే నిలబడ్డాను. మధ్యలో ఒకసారి, “కూర ఇంకొంచెం వెయ్యి” అని వినిపించింది.

నీ
సూర్యారావు