నా కండలో సగ్గు పిండి

కూచింగ్,
ఆదివారం

నాన్నకి, బోలెడంత ప్రేమతో,

నిన్న ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరమ్మ నా తొడ నుంచి తీసిన కండముక్కని మైక్రోస్కోపులో చూపించింది. కన్ను ఆనించి మళ్లీ మళ్లీ చూశాను నాన్నా. రంగు వేసిన చిన్న చిన్న గదులు, ఒక్కో గదిలో కిక్కిరిసిన పిండి. మన సగ్గు మాను చీలిస్తే కనిపించినట్టే ఉంది.

అది పిండిలాంటిదేనట. మనం తిన్న తీపిని ఒళ్లు కూడా చెట్టులాగే గొలుసులుగా కట్టి దాచుకుంటుందట. కష్టపడాల్సి వచ్చినప్పుడు ఆ గొలుసులు తెగి, కణం లోపల మంట లేకుండానే మండి సత్తువవుతాయట. సగ్గు చెట్టు ఏళ్ల తరబడి దాచి, ఒక్కసారి పూసి, అంతా ఖర్చుపెట్టి చచ్చిపోతుంది. మనం రోజూ దాస్తాం, రోజూ ఖర్చు పెడతాం. నా కండలో దాచడం బ్రహ్మాండంగా జరుగుతోంది. గొలుసు తెంపే రసమే పుట్టలేదు.

"నీది బద్ధకం కాదమ్మా" అంది డాక్టరమ్మ. ఆ మాటకి ఏడ్చేశాను. సగ్గు పిండి తొక్కే బల్ల మీద నేను కూలబడితే, నాకు అత్త కాబోయే హిప్ని వాళ్లమ్మ, ఈ పిల్ల కాళ్లు అద్దెకి తెచ్చుకుందా అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అది ఇప్పటికీ నొప్పిగానే ఉంది.

మందు లేదట. కానీ కాళ్లు పట్టేసినప్పుడు మొండిగా నడవకుండా ఆగి, మెల్లగా కదిలితే, కాసేపటికి నెత్తురు వేరే చోట నుంచి కొవ్వునీ తీపినీ మోసుకొచ్చి కండకిస్తుందట. కొత్త ఊపిరి వస్తుందట. నా ఒళ్లు నన్ను వదిలెయ్యలేదు నాన్నా, దొడ్డిదారి వెతుక్కుంది.

అయినా హిప్నిని చేసుకోను. ఆగి ఆగి నడిచేదాన్ని ఎవరు భరిస్తారు? వాళ్లింటికి కబురు పంపించు. నేనిక్కడే ఏదో పని చూసుకుంటాను.

నీ సాలెహా

ఓయా,
శుక్రవారం

నా చిట్టితల్లికి,

కబురు పంపలేదు. ముందు నా మాట విను.

నరికే ముందు చెట్టుకి గాటు పెట్టి, ముక్క నమిలి, పిండి పట్టిందో లేదో చూస్తాం కదా. ఉసొప్ నమిలేలోపు చెట్టు పూసేస్తుందని ఊరంతా నన్ను వెక్కిరిస్తుంది. నేను చూసేదేమీ లేదు తల్లీ. తోట దాకా నడిచేసరికి నా కాళ్లు కొయ్యలైపోతాయి. నమిలే వంకతో నిలబడతాను. కాసేపటికి నువ్వు రాసిన ఆ కొత్త ఊపిరి వస్తుంది, ఇక సాయంత్రం దాకా ఆపకుండా నరుకుతాను. ఈ జబ్బు నా ఒక్కడికే అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక, ఇన్నేళ్లుగా నాకు తెలియకుండా నా లోపల ఇంత పని నడిచిందా అని నా కాళ్లకేసి చూసుకుంటూ కూచున్నాను.

పెళ్లికి ముందు మీ అమ్మా నేనూ తోటకి నడిచేవాళ్లం. సగం దారిలో తన కాల్లో ముల్లు గుచ్చుకునేది. కూచుని తీరిగ్గా తీసుకునేది. నేను కుదుటపడేసరికి లేచేది. పెళ్లయ్యాకా అంతే. సగ్గు తోటలో ముళ్లకేం కొదవ అనుకున్నాను. మీ అమ్మకి నీ ఉత్తరం చదివి వినిపించి, అవన్నీ నిజంగా ముళ్లేనా అని అడిగాను. సగ్గు పిండితో లినుట్ జావ కలుపుతూ, "ఇప్పుడొచ్చిందా మీకు అనుమానం?" అంది.

వచ్చే వారం హిప్ని బస్సెక్కి నీ దగ్గరికి వస్తున్నాడు. జబ్బు సంగతి తర్వాత చెబుదువుగాని. ముందు ఏటి ఒడ్డున వాడితో కాస్త దూరం నడువు. నీ కాళ్లు పట్టేసినప్పుడు వాడికి ముల్లు గుచ్చుకుంటుందేమో చూసి, అప్పుడు రాయి. ఏ కబురు పంపమన్నా పంపుతాను.

మీ నాన్న,
ఉసొప్