నాన్న వద్దన్న వాద్యం

సెప్టెంబర్ 17

మొదటి రోజు. మొత్తం స్కూల్లో అరవై రెండు మందిమి. మూడు క్లాసులు, ఒక వరండా, ఒక నిమ్మచెట్టు. మా కెఫ్ ఊరంతటికీ కళల కోసం పెట్టిన సర్కారు బడి ఇదొక్కటే. పక్క బడి పిల్లలు మమ్మల్ని డప్పుగాళ్లు అంటారట. అననీ.

నన్ను వయొలిన్‌కు తీసుకున్నారు. ఫారం నింపమన్నారు. తండ్రి వృత్తి దగ్గర ఏం రాయాలో నాన్న నిన్ననే చెప్పి పంపాడు. దినకూలీ అని రాయి తల్లీ, అబద్ధమేం కాదు, పెళ్లిళ్లు లేనప్పుడు చేసేది అదేగా అన్నాడు.

పక్కన లుబ్నా అనే పిల్ల కూర్చుంది. వాళ్ల నాన్న పళ్ల డాక్టర్. నేను రాసింది చేత్తో కప్పుకున్నాను.

మా నాన్న పేరు మోంజీ. మెజ్వెద్ వాయిస్తాడు. మేకతోలు తిత్తి, రెండు రెల్లు గొట్టాలు, చివర రెండు ఆవుకొమ్ములు. ఈ చుట్టుపక్కల ఆయన ఊదకుండా ఏ పెళ్లికూతురూ గడప దాటదు. సంగీతం నేర్పే బడిలో నేను మొదటి రోజే దాచింది మా నాన్న సంగీతాన్ని.

అక్టోబర్ 3

వయొలిన్ టీచర్ పేరు మదామ్ రాధియా. నవ్వదు. నా కుడి మోచెయ్యి కర్రలా ఉందట.

క్లాస్ మధ్యలో కిటికీ కింద పెళ్లి ఊరేగింపు వెళ్లింది. మెజ్వెద్ మోత. మదామ్ కిటికీ మూసేసి, పాపం మేక, చచ్చినా అరవడం మానలేదు అంది. క్లాసంతా ఒకటే నవ్వు.

నేనూ నవ్వాను.

అక్టోబర్ 4

ఊరేగింపులో వాయించింది నాన్నే. రాత్రి అన్నంలోకి హరీసా ఎక్కువ వేసుకుని, కారానికి ఏడుస్తున్నట్టు ఏడ్చాను.

నవంబర్ 20

నాన్న ఇటుక బట్టీకి వెళ్లాడు. అమ్మ పక్కింట్లో. బీరువా మీంచి మెజ్వెద్ దించాను. ఊదాను. తిత్తి సగం నిండేసరికి కళ్లు తిరిగాయి. చంకతో నొక్కితే ఒక అరుపు వచ్చింది. రెండోసారి నొక్కితే అరుపు నిలబడింది. మూడోసారి అది స్వరం.

తలెత్తితే గుమ్మంలో నాన్న. గొడుగు మర్చిపోయి వెనక్కి వచ్చాడట.

ఎప్పుడూ అరవని మనిషి అరిచాడు. ముప్పై ఏళ్ల నుంచి ఊదుతున్నానే దీన్ని. వాయిస్తున్నంతసేపూ భుజాలమీద ఎక్కించుకుంటారు. ఆపగానే, ఒరే మోంజీ, పెరట్లోకి పో, పళ్లెం పంపిస్తాం అంటారు. నా కూతుర్ని ముందు గుమ్మంలోంచి రమ్మని పిలవాలి. అందుకే ఆ ఫిడేలు. ఇంకోసారి దీన్ని ముట్టావంటే బడి మాన్పిస్తా అన్నాడు.

తిత్తిని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తాళం చెవి మెడలో వేసుకున్నాడు.

నవంబర్ 21

ఆ స్వరం చంక కింద ఇంకా కదులుతోంది. నేను మానను.

డిసెంబర్ 9

లుబ్నాకి చెప్పేశాను. నాన్న ఎవరో, తిత్తి ఏమిటో, అన్నీ. జాలి పడుతుందనుకున్నాను. అది నడుం మీద చెయ్యి వేసుకుని, మా అక్క పెళ్లికి వాయించింది మీ నాన్నేనా, అబ్బ, మా అమ్మమ్మ మోకాళ్ల నొప్పి మర్చిపోయి ఆడిందే అంది. తర్వాత వాగు దగ్గరికి తనే లాక్కెళ్లింది. సొంత మెజ్వెద్ చేసుకుందామని రెల్లు కోసుకొచ్చాం.

డిసెంబర్ 22

అమ్మ నడుంనొప్పికి కాపడం పెట్టుకునే వేడినీళ్ల రబ్బరు సంచీ తీసుకున్నాను. మూలన కన్నం పెట్టి, ఊదడానికి పెన్ను గొట్టం దూర్చి సైకిల్ జిగురు పూశాను. సంచీ మూతి దగ్గర రెండు రెల్లు గొట్టాలు. గొట్టాల్లో మోగే పీకలు నేనే చెక్కాను. పదకొండు విరిగాయి, రెండు బతికాయి.

ఊదితే కందిరీగల తుట్టె.

డిసెంబర్ 23

అమ్మకు తెలిసిపోయింది. నా నడుం ఎవతి కాపాడుతుందే, నీ సంగీతమా అని చీపురు తీసింది. అయినా నాన్నకి చెప్పలేదు.

జనవరి 14

నోటీసు బోర్డులో పెట్టారు. అందరూ రెండో వాద్యం ఎంచుకోవాలి, మన దేశపు వాద్యమే కావాలి, జూన్‌లో పరీక్ష. లిస్టులో ఊద్, కానూన్, నాయ్, రబాబ్, దర్బూకా ఉన్నాయి.

లుబ్నా కానూన్ రాసింది. నేను లిస్టు మూడుసార్లు చదివాను. కింద ఖాళీ ఉంది. అందులో మెజ్వెద్ అని రాసి టిక్ పెట్టాను.

జనవరి 16

హెడ్మాస్టర్ సీ తిజానీ పిలిచాడు. మంచాయనే, కానీ కాగితం లేకుండా ఊపిరి కూడా పీల్చడు. లిస్టులో లేనిది ఎలా రాశావమ్మా అన్నాడు. మన దేశపు వాద్యం కాదా సార్ అన్నాను. చాలాసేపు టోపీ సర్దుకున్నాడు. సరే, అర్జీ పెట్టుకో, కానీ నేర్పేవాళ్ల పేరు, సంతకం కావాలి, ఈ బడిలో అది వచ్చినవాళ్లు ఎవరూ లేరు అన్నాడు.

అక్కడే, ఆయన పెన్నుతోనే, నేర్పేవారి పేరు దగ్గర మా నాన్న పేరు రాశాను. వృత్తి: సంగీత విద్వాంసుడు. ఆయన సెప్టెంబర్ ఫారం తీసి పక్కన పెట్టాడు. రెండూ చూశాడు. ఇందులో ఏది నిజం అన్నాడు.

రెండోది అన్నాను.

జనవరి 21

నాన్నను బడికి పిలిపించారు. నేను ఫెయిలయ్యాననుకుని పెళ్లిళ్ల కోటు వేసుకొచ్చాడు. సీ తిజానీ రెండు కాగితాలూ చూపించాడు. నాన్న చదవడానికి చాలా సమయం తీసుకున్నాడు. పిల్ల తెలీక రాసింది సార్, ఇది ఫిడేలే వాయిస్తుంది, కొట్టెయ్యండి అన్నాడు.

కొట్టెయ్యొద్దు సార్ అన్నాను. నాన్న ముందే.

ఇంటికి నడిచే వచ్చాం. కొండ దారి. మంచు పడుతోంది. నాన్న గొడుగంతా నా మీదే పట్టాడు.

ఫిబ్రవరి 2

సంతకం లేదు. గడువు పదో తారీకు.

ఫిబ్రవరి 5

రబ్బరు సంచీ బ్యాగులో పెట్టుకుని మదామ్ రాధియా గదికి వెళ్లాను. వినండి, బాగాలేకపోతే నేనే పేరు కొట్టేసుకుంటాను అన్నాను. అది చూసి ఆవిడ, కడుపునొప్పా అంది.

వాయించాను. నాలుగే స్వరాలు, ఊరేగింపు పాట మొదలు. ఆవిడ కళ్లు మూసుకుంది. అయిపోయాక, ఆ రోజు నా మాటకు నవ్వినవాళ్లలో నువ్వూ ఉన్నావు కదూ అంది. ఉన్నాను మదామ్ అన్నాను. కిటికీ వైపు తిరిగి, నా పెళ్లిలో దీనికే తెల్లారేదాకా ఆడాను, బయట చెప్పావంటే వీపు చీరేస్తా అంది. అప్పుడు కూడా నవ్వలేదు.

తర్వాత మామూలు గొంతుతో, నీ రెండు గొట్టాలూ ఒకదాని మాట ఒకటి వినడం లేదు, తెలిసినవాళ్ల చేత శ్రుతి చేయించుకో, తర్వాత మాట్లాడదాం అంది.

ఫిబ్రవరి 6

నాన్న తబూనా రొట్టె తుంచుకుని నూనెలో అద్దుకుంటున్నాడు. రబ్బరు సంచీ బల్లమీద పెట్టాను. రెండు గొట్టాలకూ పడడం లేదని మదామ్ అన్నారు, ఎందుకో చెప్పు అన్నాను.

చూడలేదు. తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు. అటు తిరిగే, ఒకసారి ఊదు అన్నాడు.

ఊదాను. పళ్లు నొప్పి పుట్టినట్టు మొహం పెట్టాడు. ఎవడు చెక్కాడే ఈ పీకలు అన్నాడు. నేనే అన్నాను. పచ్చి రెల్లుతో చెక్కుతారా ఎవరైనా, ఏడాది ఎండాలి, ఇదేదో పుల్లైసు పుల్లతో చేసినట్టుంది అని తిడుతూనే జేబులోంచి చాకు తీశాడు. ఒక పీకను వెంట్రుకవాసి గీశాడు. రెండోదానికి దారం చుట్టాడు. ఊదు. మళ్లీ గీశాడు. ఊదు.

ఏడోసారి రెండు గొట్టాలూ ఒక్క గొంతయ్యాయి. అమ్మ వంటగదిలోంచి బయటికొచ్చి నిలబడింది.

నాన్న రబ్బరు సంచీని తిప్పి తిప్పి చూశాడు. ఎన్నాళ్లు పట్టింది అన్నాడు. రెండు నెలలు. ఒక్కదానివేనా? లుబ్నా కూడా ఉంది. దీన్ని మానవన్నమాట? మానను. ఫిడేలు? అదీ మానను నాన్నా, రెండూ నావే అన్నాను.

మెడలోంచి తాళం చెవి తీశాడు. అర్జీ ఇటు పట్రా అన్నాడు. సంతకం పెట్టేటప్పుడు, పెళ్లిళ్లకు మాత్రం వాయించకు, మాట ఇవ్వు అన్నాడు.

ఇవ్వలేనన్నాను. అయినా పెట్టాడు.

మార్చి 18

రోజూ సాయంత్రం గంట. నాన్న గురువుగా పనికిరాడు. నాలుగు సార్లకోసారి విసుక్కుంటాడు. చెయ్యి తిత్తి మీద పడుకోకూడదట, కూర్చోవాలట. బుగ్గలు బూరెల్లా వాచాయి. క్లాసులో నన్ను కప్పపిల్ల అంటున్నారు. లుబ్నా ఇద్దరితో తగువు పెట్టుకుంది.

ఏప్రిల్ 30

మోచెయ్యి వదులైందట. వయొలిన్‌లో. మదామ్ కారణం అడిగింది. తిత్తి అన్నాను. హుఁ అంది.

జూన్ 12

పరీక్ష. రాజధాని ట్యూనిస్ నుంచి ముగ్గురు వచ్చారు. వయొలిన్ బాగా పోయింది. తర్వాత నాన్న తిత్తితో లోపలికి వెళ్లాను. మధ్యలో కూర్చున్నాయన కాగితం చూసి, ఇదేమైనా వేళాకోళమా అన్నాడు. కాదు సార్ అన్నాను.

మొదలుపెట్టాను. పది సెకన్లకు ఒక పీక తడిసి గొంతు మూసుకుంది. కీచుమంది. ఒకావిడ పెన్ను కింద పెట్టింది.

ఆపాను. కొమ్ములు ఒడిలో పెట్టుకున్నాను. పీక ఊడదీశాను, తుడిచాను, అరచేతుల మధ్య వెచ్చబెట్టాను, దారం బిగించాను. ఎంతసేపు పట్టిందో తెలీదు.  మీరు ఆగండి అని నేను అనలేదు. తిరిగి పెట్టి, మొదటినుంచి వాయించాను. మొత్తం. చివరి స్వరం దాకా.

వేళాకోళమా అన్నాయన బల్లకింద కాలితో తాళం వేశాడు. నేను చూశాను.

బయట నిమ్మచెట్టు దగ్గర నాన్న గోడకు మొహం పెట్టి నిలబడ్డాడు. మొదటిసారి తొందరపడ్డావు, రెండోసారి పడలేదు అన్నాడు. అంతే. ఇంటికెళ్లేటప్పుడు తిత్తి ఆయన తీసుకోబోయాడు. నేను ఇవ్వలేదు.

జూన్ 27

వయొలిన్ పదిహేను. మెజ్వెద్ పన్నెండు. ఇరవైకి. పన్నెండుకు ముగ్గురూ గంటసేపు వాదించుకున్నారట, సీ తిజానీ చెప్పాడు. నాకు పద్నాలుగు రావాలి. వచ్చే ఏడు తెచ్చుకుంటాను.

జూలై 8

నాన్నతో కసాయి దగ్గరికి వెళ్లాను. పొట్ట చీల్చకుండా తోలు మొత్తంగా తియ్యమని చెప్పాడు. ఏ సైజు మేక, నీకేనా అని కసాయి అడిగాడు. నాన్న నా వైపు చూపించాడు. కసాయి నన్ను చెయ్యి ఎత్తమని చంక కింద కొలత తీసుకున్నాడు.

చిన్న మేక, నల్లది. తోలు నేనే మోసుకొచ్చాను. ఇంకా వెచ్చగా ఉంది.