ఒక్క పిలుపుకే పలికాడు

ఆదివారం, రాత్రి.

మా ఆయనతో నాయుడుపేటలో మ్యాట్నీ చూసొచ్చాను. మంత్రాలు తెలిసిన సూపర్ హీరో కథ. గాలిలో వేలితో గీత గీస్తే తలుపు తెరుచుకోవడం భలే తీశారు. ఆ తలుపు అవతలి చీకట్లోంచి హీరోని భార్య గొంతుతో ఏదో పిలుస్తుంది. ఒక్క పిలుపుకే పలికేస్తాడు! పొద్దుగూకాక మూడోసారి పిలిస్తేగానీ పలకకూడదనీ, మనిషి కానిది మూడోసారి పిలవదనీ మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పైగా పలికాక అరగంటసేపు ఏమీ జరగదు. హీరో అన్నం తింటాడు, పడుకుంటాడు. ఒకటే సాగదీత. బస్సులో దారంతా తిట్టుకుంటూనే వచ్చాను.

ఇంటికొచ్చి నేను దేవుడి దగ్గర దీపం పెడుతుంటే, వాకిట్లో ఆయన "ఆఁ, వస్తా ఉండా" అన్నాడు.

"ఎవరితోనయ్యా మాట్లాడతా ఉండావు?"

"నువ్వే గదా చెరువు గట్టు మీద నుంచి పిలిచినావు" అంటూ గడప దాకా వచ్చి, నా చేతిలో అగ్గిపెట్టె చూసి ఆగిపోయాడు.

తర్వాత అన్నం తిన్నాడు. పడుకున్నాడు. ఇంతవరకు ఏమీ జరగలేదు.

సినిమాలో ఆ అరగంట సాగదీత కాదు. గడియ వేసి, ఆయన ఊపిరి వింటూ కూర్చున్నాను.