చల్లగాలి లారీ

రెంటచింతల,
1964 మే 10

ప్రియమైన యాకూబ్ మామకు, ఇన్నయ్య నమస్కారం.

జక్కయ్య చనిపోయాడు. నాతోపాటే సాగర్ కాలువ పనికి రాళ్లు తోలే డ్రైవరు. మంగళవారం మిట్టమధ్యాహ్నం దుర్గి దాటాక స్టీరింగు మీదే వాలిపోయాడు. లారీ పొలంలోకి దిగి ఆగింది. మేము తలుపు తీసేసరికి ఒళ్లు పెనంలా కాలుతోంది. కాంట్రాక్టరు వెంకట్రామయ్య వచ్చి చూసి, "గుండె జబ్బు మనిషంట గదా" అన్నాడు. ఎవరు చెప్పారని అడగలేదు నేను. నోరు తెరిస్తే చెయ్యి కూడా లేచేది.

ఆయన షెడ్డులో మద్రాసు నుంచి తెచ్చిన పాత అమెరికా కారు తుక్కుగా పడి ఉంది. ఫ్యాక్టరీలోనే దానికి బిగించిన చల్లగాలి మిషను ఇంకా బాగానే ఉంది. నేను తోలే ఆయన లారీకి పెట్టుకుంటానన్నాను. "బిగించేవాడు దొరికితే బిగించుకో" అని నవ్వాడు. నువ్వు మద్రాసులో ఆ పని నేర్చినవాడివి. పిలుపుకే మామవైనా నాకు సొంతవాడివే, ఒక్కసారి రా మామా.

నీ అల్లుడు,
ఇన్నయ్య

నరసరావుపేట,
మే 15

ప్రియమైన అల్లుడు ఇన్నయ్యకు,

జక్కయ్య సంగతి చదివాక అన్నం సహించలేదు. కానీ నువ్వడిగింది జరిగే పని కాదు. నీ లారీ ఇంజను ముసలిది. ఆ మిషనుకు బెల్టు వేస్తే దాని బరువు కూడా ఇంజనే లాగాలి. రేడియేటరు ఇప్పటికే గురజాల చేరేలోపు ఉడుకుతోంది. ఇంజను పెట్టె మీద తడిగోనె కప్పుకో. ఈ మాట మళ్లీ ఎత్తొద్దు.

నీ మేలు కోరే
యాకూబ్

రెంటచింతల,
మే 19

యాకూబ్‌కు,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు.

తడిగోనె జక్కయ్య లారీలోనూ ఉంది. అరగంటలో అప్పడంలా ఎండిపోయింది. గుంటూరు ఆఫీసర్ల కార్లకు ఈ మిషన్లు బిగించిన చేతులు నీవి. వాళ్లకు చెమట పడితే పానాలు పట్టుకుని పరిగెత్తుతావు, డ్రైవరు చస్తే గోనెసంచి గుర్తొస్తుంది. ఆదివారం చర్చి మెట్ల మీద జక్కయ్య భార్య జ్ఞానమ్మ నన్ను ఆపి, "రేపు నువ్వు గూడా ఆ ఎండలోకే పోతావా అన్నా?" అంది. పోయాను. నీకు ఇక ఉత్తరం రాయను.

ఇన్నయ్య

రెంటచింతల,
జూన్ 6

ప్రియమైన మామకు,

నువ్వు వచ్చి, నాలుగు రోజులు మా ఇంట్లో ఉండి, నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా మిషను బిగించి వెళ్లావు. క్షమించమని అప్పుడే అడగవలసింది. ఇప్పుడు అడుగుతున్నాను.

రెండు రోజులు చల్లగా తోలాను. మూడో రోజు వెంకట్రామయ్య కేబినెక్కి తలుపు వేసుకున్నాడు. మాచర్ల దాకా దిగలేదు. దిగాక, "పనులు చూసుకోటానికి ఇది నాక్కావాల. మా బావమరిది తోలతాడు. నువ్వు జక్కయ్య బండి తీసుకో" అన్నాడు. చచ్చినవాడి సీట్లో కూర్చున్నాను మామా. కోపంతో గేరు కూడా సరిగా పడలేదు.

తోటి డ్రైవరు అంతోని ఇంకో మాటన్నాడు. "నీ ఒక్కడికే చల్లగాలి అడిగావు. మా కోసం ఏమీ అడగలా."

ఇన్నయ్య

నరసరావుపేట,
జూన్ 20

ప్రియమైన అల్లుడికి,

ఇంజను లాగదని రాసింది అబద్ధం. గుంటూరులో ఒక మిల్లు యజమాని పాత లారీకి ఇదివరకే ఇలా బిగించాను. దాన్ని తోలేవాడు నా తమ్ముడు ఖాదర్ వలి. వారం తిరక్కుండా యజమాని తన మనిషిని ఆ సీట్లో కూర్చోబెట్టి, ఖాదర్‌ను డొక్కు బండికి తోశాడు. ఖాదర్ ఈనాటికీ నాతో మాట్లాడడు. నీ విషయంలోనూ అదే జరుగుతుందని భయపడ్డాను. ఆ మాట చెప్పలేక నెపం ఇంజను మీద పెట్టాను.

నిన్న చల్లగాలి రావడం లేదని వెంకట్రామయ్య నా షెడ్డుకు వచ్చాడు. రెండు లారీలకు క్లచ్చులు కూడా పోయాయట. నేను పానా పట్టుకోలేదు. "పన్నెండు నుంచి నాలుగు దాకా నీ లారీలన్నీ ఆపు. అప్పుడే ముట్టుకుంటా" అన్నాను. "నువ్వు గాకపోతే ఇంకోడు లేడా" అని లేచాడు. బజారులోని నలుగురు మెకానిక్కులకూ జక్కయ్య సంగతి ముందే చెప్పి ఉంచాను. ఒక్కడూ ఒప్పుకోలేదు. సాయంత్రానికి చొక్కా తడిసి ముద్దయి మళ్లీ నా దగ్గరికే వచ్చాడు. రాళ్లు ఆలస్యమైతే పని చేజారుతుందని ఆయన భయం. ఒప్పుకున్నాడు. కాగితం మీద రాయించి సంతకం తీసుకున్నాను. దాన్ని ఈ ఉత్తరంలోనే పెట్టాను. అంతోనికీ మిగతావాళ్లకూ చదివి వినిపించు.

క్లచ్చులు వేస్తాను. చల్లగాలి మిషను మాత్రం విప్పి మూలన పడేశాను, అది ఉన్నంతకాలం ఆ సీటు డ్రైవరుకు దక్కదు.

నా కోపం తగ్గలేదు. ఆ సంతకం నెలన్నర ముందు పడితే ఒక మనిషి బతికేవాడు. అడగవలసినవాళ్లలో నేనూ ఉన్నాను.

మధ్యాహ్నం బస్సుకు గుంటూరు వెళ్తున్నాను, ఖాదర్ ఇంటికి. తలుపు తీస్తాడో లేదో.

నీ మామ,
యాకూబ్