గోడ మీద చప్పుడు గొడవ కాదని మనవి

శాంతి విశ్వవిద్యాలయం గృహ వసతి అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సిబ్బంది నివాసాల్లోని మా పక్కింటివారిని ఆవలి బ్లాకుకు మార్చమని ఇచ్చిన ఉత్తర్వును రద్దు చేయవలసిందిగానూ, మా మధ్య లేని గొడవను తీరినట్టు రాసుకోవలసిందిగానూ కోరుట గురించి.

నేను తమ విశ్వవిద్యాలయంలో పనిచేసే ఎలక్ట్రీషియన్ భార్యను. నా చదువు ఐదో తరగతితో ఆగింది. ఇంతకుముందు ఏ అధికారికీ ఏదీ రాయలేదు. నలుగురిలో నోరు తెరవలేను కనుక కాగితం మీద చెప్పుకుంటున్నాను. తప్పులుంటే మన్నించగలరు.

1. మా ఇల్లూ, తోటమాలి గారి ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నాయి. తోటమాలి భార్యను ఇప్పుడు అక్కా అని పిలుస్తాను. మొదట్లో ఏమీ పిలిచేదాన్ని కాదు. ఎదురుపడితే తల వంచుకుని పోయేదాన్ని. ఆమె కుట్టుమిషను మా ఇద్దరి మధ్య గోడకు ఆనుకుని ఉండేది. మధ్యాహ్నం మా పాప నిద్రపోగానే అది మొదలయ్యేది. పాప ఉలిక్కిపడి లేచి ఏడ్చేది. వెళ్ళి చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఒకరోజు ఓపిక నశించి, చేతిలో ఉన్న గరిటెతో గోడ మీద కొట్టాను. అటునుంచి ఆమె కూడా కొట్టింది. నేను ఇంకా గట్టిగా కొట్టాను. ఫైలులో ఉన్న మా గొడవ మొత్తం ఇదే.

2. ఆ సాయంత్రమే ఆమె మా గుమ్మంలోకి వచ్చింది.

"ఏం పిల్లా, కొట్టే బదులు ఒక్క మాట చెప్పొచ్చుగా?" అంది.

"నాకు మాట్లాడటం రాదక్కా" అన్నాను.

"కొట్టడం మాత్రం బాగానే వచ్చు. మా గోడ సున్నం రాలి కూరలో పడింది. మా ఆయన ఉప్పెక్కువైందనుకుని తినేశాడు" అని నవ్వింది.

మిషను ఒక కొస ఆమె, ఒక కొస నేను పట్టుకుని అవతలి గోడకు జరిపాం. గొడవ అక్కడితో అయిపోయింది.

3. అయితే ఆవరణలో ఎక్కడైనా గొడవ కంటబడినా, చెవినబడినా వెంటనే శాంతి సాధన కేంద్రానికి తెలియజేయాలని తమ నియమం. మా గోడ చప్పుడు విన్న ఒక విద్యార్థిని ఆ ప్రకారం తెలియజేసింది. ఆమెను మేము కళ్ళద్దాలమ్మాయి అంటాం. తన దేశం పేరు చెప్పింది గాని నాకు నోరు తిరగలేదు. మంచి పిల్ల. చదువులో భాగంగా ప్రతి విద్యార్థీ నిజమైన గొడవ ఒకటి తీర్చి చూపించాలట. పాపం, ఈ ఆవరణలో గొడవ దొరకడం చాలా కష్టం. అన్ని దేశాలవాళ్ళూ పొద్దున లేచింది మొదలు ఒకరినొకరు కౌగిలించుకుంటూనే ఉంటారు. ఉన్న ఒకటీ అరా, అంటే క్యాంటీను వాళ్ళదీ, సైకిళ్ళ షెడ్డుదీ, పై తరగతివాళ్ళు ముందే తీసేసుకున్నారు. అందుచేత మాది దొరికినప్పుడు ఆ అమ్మాయి ముఖం చాటంత అయిందని నా భర్త చెప్పాడు.

4. ఫైలులో నన్ను మొదటి పక్షమనీ, అక్కను రెండో పక్షమనీ రాసి, మమ్మల్ని సంభాషణ వలయానికి పిలిపించారు. పచ్చిక మీద గుండ్రంగా కూర్చోవాలి. తెల్లటి గులకరాయి ఒకటి చేతులు మారుతూ తిరుగుతుంది. రాయి ఎవరి చేతిలో ఉంటే వారు మాట్లాడాలి, మిగతావారు తలలూపుతూ వినాలి. రాయి నా దగ్గరికి వచ్చింది. అంతమందీ నన్నే చూస్తున్నారు. చేతిలో రాయి వేడెక్కింది గాని మాట రాలేదు. గాయం చాలా లోతుగా ఉందని వలయం నడిపే ప్రొఫెసర్ గారు మెల్లగా అన్నారు. ఇద్దరు విద్యార్థులు కళ్ళు తుడుచుకున్నారు. నాకు సిగ్గు వేసి తల ఇంకా దించుకున్నాను. గాయం ఇంకా లోతైంది.

తర్వాత రాయి అక్క చేతికి వెళ్ళింది.

"మాకే గొడవా లేదు బాబూ. అది ఆ రోజే అయిపోయింది. ఈ పిల్ల నాకు చెల్లెలి లెక్క" అంది అక్క.

"అలా అనిపించడం సహజమే" అంది కళ్ళద్దాలమ్మాయి. "మొదటి దశలో అందరూ గొడవ లేదనే అంటారు."

"మరి రెండో దశలో?"

"లోపలున్న కోపం బయటికొస్తుంది."

"అదొచ్చేట్టే ఉందమ్మా" అంది అక్క.

అది కూడా రాసుకున్నారు.

5. మధ్యవర్తి లేకుండా దానంతటది తీరిన గొడవను తీరిన గొడవగా లెక్కించరని తర్వాత తెలిసింది. అది అణిగిన గొడవ అట. అణిగినది బయటపడ్డదానికన్నా ప్రమాదమట. కాబట్టి ప్రతి వారం వలయానికి వెళ్ళి, మాకు లేని కోపాన్ని వెతుక్కుంటున్నాం. ఇంట్లో నా భర్త కూడా విసుక్కున్నాడు.

"నీ మూలంగా కరెంటు షెడ్డులో నాకు కొత్త పేరొచ్చింది. మొదటి పక్షం మొగుడా, స్క్రూడ్రైవరిటివ్వు అంటున్నారు. పోనీ గొడవుందని ఒప్పేసుకోరాదూ? తీరిందని రాసేసి వదిలేస్తారు" అన్నాడు.

"లేనిదాన్ని ఉందని ఎలా ఒప్పుకోను?"

"కరెంటు లేని తీగని కూడా ఉందనుకునే కదా మేం పట్టుకునేది."

"మీరు పట్టుకుని వదిలేస్తారు. వాళ్ళు వదలట్లేదు" అన్నాను.

6. గోడ మీద తట్టుకోవడం మేము మానలేదన్న మాట వాస్తవం. నేను ఒకసారి తడితే పాప పడుకుందని అర్థం, అక్క మిషను ఆపుతుంది. ఆమె ఒకసారి తడితే టీ కాచింది, రమ్మని. ఆగకుండా తడితే ఉన్నపళంగా రావాలని. అక్కతో ఎదురుగా మాట్లాడటం కూడా నాకు ఇలా తట్టి తట్టే అలవాటైంది. పరిశీలనకని మా ఇళ్ళ ముందు బెంచీ మీద కూర్చున్న విద్యార్థులు ఈ తట్టుళ్ళను దాడులనీ ఎదురుదాడులనీ రాసుకున్నారు. మేము టీ తాగిన రోజుల్లో గొడవ పెరిగినట్టు, అక్క పుట్టింటికి వెళ్ళిన రోజుల్లో శాంతి నెలకొన్నట్టు రంగుల గీతలు గీసి నోటీసు బోర్డు మీద పెట్టారు. అది పలకరింపు అని అక్క చెప్పి చూసింది. దాడిని పలకరింపుగా భావించడం కూడా ఒక లక్షణమే అన్నారు.

7. అయ్యా, ఇక అసలు విషయం. పోయిన వారం పాపకు జ్వరం వచ్చింది. నా భర్త పంపుహౌసులో మోటారు విప్పుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి పాప ఒళ్ళు బిగుసుకుపోయింది, కళ్ళు తేలేసింది. బయటికి వెళ్ళి ఎవరినైనా కేకేయాలి. కేక రాలేదు. పాపను చంకలో పట్టుకుని, రెండో చేత్తో గోడ బాదాను. బాదుతూనే ఉన్నాను. అక్క తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. పాపను నా చేతుల్లోంచి లాక్కుని, "చూస్తూ నిలబడకు, చెప్పులొద్దు, పద" అంటూ ఆరోగ్య కేంద్రం వైపు పరుగు తీసింది. ఆమె వెనకాల నేను. సమయానికి తెచ్చారని డాక్టరమ్మ అంది. ఇప్పుడు పాప బాగానే ఉంది, పాలు తాగుతోంది.

ఆ రోజు పరిశీలనలో రాసినదాన్ని నా భర్త నాకు చదివి వినిపించాడు. "ఇంతవరకు లేనంత తీవ్రమైన ఘర్షణ. గోడపై సుదీర్ఘమైన దాడి. అనంతరం రెండో పక్షం మొదటి పక్షం ఇంట్లోకి చొరబడి, బిడ్డను బలవంతంగా లాక్కుని పారిపోయింది. మొదటి పక్షం ఏడుస్తూ వెంబడించింది." ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అక్క నా బిడ్డను బతికించిందన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

8. దాని ఆధారంగానే, తీవ్ర ఘర్షణలో ఉన్న పక్షాలను వేరుచేయాలన్న నియమం కింద, అక్కావాళ్ళను ఆటస్థలం అవతలి బ్లాకుకు మార్చమని ఉత్తర్వు ఇచ్చారు. ఆరోగ్య కేంద్రం చీటీ తీసుకుని నా భర్త తమ కార్యాలయానికి వచ్చాడు. అది వేరే విభాగం కాగితమనీ, ఈ ఫైలులో చేర్చడం కుదరదనీ గుమాస్తా గారు చెప్పి పంపారు. కళ్ళద్దాలమ్మాయి సంగతి తెలిసి మా ఇంటికి వచ్చింది. పాపను ఎత్తుకుని ఏడ్చింది. తాను రాసింది తప్పని ప్రొఫెసర్ గారికి చెప్పుకుందట. పరిశీలించేవారు ఒక పక్షం వైపు మొగ్గకూడదని ఆయన మందలించారట. ఈ గొడవ పోతే ఆ అమ్మాయి కోర్సంతా మళ్ళీ చదవాలట. నేనే ఆమెకు టీ ఇచ్చి ఊరుకోబెట్టాను.

9. ఇది చెప్పవచ్చో లేదో తెలియదు. సయోధ్య బోధించే ప్రొఫెసర్లు ఇద్దరు ఒకే గదిలో వీపులు తిప్పుకుని కూర్చుంటారనీ, కిటికీ తెరవాలన్నా బంట్రోతు చేత కబురు పెట్టుకుంటారనీ, ఫ్యాను బిగించడానికి వెళ్ళిన నా భర్త చూసి చెప్పాడు. వారిని ఎవరూ వేరుచేయలేదు. చప్పుడు చేయరు కనుక వారి మధ్య శాంతి ఉన్నట్టే కాబోలు.

కావున తమను వేడుకునేదేమంటే, ఆ ఉత్తర్వు రద్దు చేయండి. నా భర్త పనిలో ఉన్నప్పుడు పాపకు మళ్ళీ అలా వస్తే, ఆటస్థలం అవతలికి నా చప్పుడు వినిపించదు. నాకు ఈ ఊళ్ళో ఇంకెవరూ లేరు.

ఫైలులో ఏదో ఒక గొడవ ఉండి తీరాలంటే, ఇప్పుడు నిజంగానే ఒకటి ఉంది. ఉత్తర్వు చేతికి అందినప్పటి నుంచి నాకు తమ కార్యాలయం మీద చాలా కోపంగా ఉంది. అక్కకు నాకన్నా ఎక్కువగా ఉంది. కళ్ళద్దాలమ్మాయి మా పాత గొడవ వదిలేసి దీన్ని తీసుకోవచ్చు, ఆమె చదువు చెడదు. గొడవ పడ్డ పక్షాలు దూరదూరంగా ఉండాలన్నది తమ నియమమే. కనుక తమ కార్యాలయం వారు మా రెండిళ్ళకూ దూరంగా ఉండవలెనని ప్రార్థన.

కోపంలో రాసిన మాటలను కూడా మనవిగానే చిత్తగించవలెను.

ఇట్లు, గొడవ పడుతున్నా తమ విధేయురాలినే అయిన
ఎలక్ట్రీషియన్ భార్య
(ఫైలులో మొదటి పక్షం)

మరొక మాట: ఇది మడిచి తమ దగ్గరికి బయలుదేరబోతుంటే సామాను బండి వచ్చింది. అక్క మంచం సగం బయటికి తెచ్చారు. నేను వెళ్ళి ఆమె గుమ్మంలో అడ్డంగా కూర్చున్నాను. "లేవమ్మా, మాదేముంది, పైవాళ్ళ ఆర్డరు" అన్నాడు బండివాడు. లేవనన్నాను. గట్టిగానే అన్నాను, పచ్చిక మీద కూర్చున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. అతను మంచం దింపి బీడీ ముట్టించుకున్నాడు. గుమ్మం వదిలి రాలేను కనుక ఈ అర్జీ అతని చేతే పంపిస్తున్నాను. జవాబు మాత్రం అతని చేత పంపకండి. తమరే రండి. మొదలుపెట్టాక తెలిసింది, చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది.